తల్లీకూతుళ్ల సెషన్లు: మొదటి గంట ఎవరి గది వారిదే

ప్రవాస తెలుగు సంఘాలు తల్లీకూతుళ్ల కోసమంటూ ఏది మొదలుపెట్టినా చివరికి అది స్టేజీ ఎక్కుతుంది. ఒకే రంగు బట్టలు, జంటగా ఒక డాన్సు, ఫొటోలు. సరదాకైతే ఫర్వాలేదు. వారం రోజులుగా ముభావంగా తిరుగుతున్న తల్లికీ కూతురికీ మాత్రం దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

మాటలు కలపాలంటే వేరే పద్ధతి కావాలి. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ తయారుచేసిన ‘స్ట్రెంగ్తెనింగ్ ఫ్యామిలీస్ ప్రోగ్రామ్ 10–14’లో వారానికొకటి చొప్పున 7 సెషన్లు, ఒక్కోటి 2 గంటలు. మొదటి గంట పెద్దలు ఒక గదిలో, పిల్లలు ఇంకో గదిలో. రెండో గంట అందరూ ఒకచోట. కొంతకాలం ఆగి మరో 4 సెషన్లు. అది 10–14 ఏళ్ల పిల్లలున్న ఇంట్లో కుటుంబం మొత్తానికీ పెట్టింది. అయినా ఆ గంటా గంటా విభజనను తల్లీకూతుళ్లకు తెచ్చుకోవచ్చు.

మనవాళ్లు ముందుగా ఎత్తేసేదీ దాన్నే. ‘ఒకే ఇంటివాళ్లను విడగొట్టడమేమిటి, టైమ్ వేస్ట్’ అంటారు. ఎత్తేస్తే ఏమవుతుందంటే, పిల్లను అడిగిన ప్రశ్నకు తల్లి జవాబు చెబుతుంది. పిల్ల ఫోన్ తీస్తుంది. పక్క తల్లి ‘మా అమ్మాయి ఇలా కాదండీ’ అంటుంది. అంతే, ఆ పూటకు సెషన్ అయిపోయినట్టే. విడి గదిలో తల్లి తన భయాన్ని కూతురి ముందు పరువు పోతుందన్న బెంగ లేకుండా చెప్పుకుంటుంది. పిల్లలకైతే, ‘నీకూ ఇంతేనా!’ అనుకోవడంతోనే సగం బరువు దిగుతుంది.

6 నుంచి 8 జంటలు చాలు. 9 ఏళ్ల పిల్లనూ 15 ఏళ్ల పిల్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టొద్దు. పెద్దది నోరు విప్పదు, చిన్నదానికి విషయం అర్థం కాదు. పిల్లల గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. ఒకరు ఆ దేశంలోనే పెరిగిన, కాలేజీ వయసు దాటిన అమ్మాయి అయితే మంచిది. ఇద్దరూ ఆ తల్లుల స్నేహబృందానికి బయటివాళ్లై ఉండాలి. పిల్లలతో పనిచేసేవాళ్లకు ఆ దేశం అడిగే నేపథ్య తనిఖీలు ముందే పూర్తిచేయించాలి.

గదిలో మాట గదిలోనే. పిల్లకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం దాచరు. ఈ రెండూ మొదటి రోజే ఇద్దరికీ కలిపి చెప్పాలి. అయినా పార్కింగ్ దగ్గర ఎవరో ఒక తల్లి ‘మా అమ్మాయి ఏమంది?’ అని అడగక మానదు. ‘తననే అడగండి’ అనడం నిర్వాహకులకు అలవాటు కావాలి. ఒక్కసారి మాట బయటికి పొక్కితే మళ్లీ ఆ పిల్ల రాదు. నలుగురూ ఒకరికొకరు తెలిసిన చోట ఇదే అసలు గండం.

రెండో గంటకు ఒకే విషయం తీసుకోండి. స్నేహితురాలింట్లో రాత్రి ఉండిపోవడం అనుకుందాం. కూతురు 2 నిమిషాలు చెబుతుంది. తల్లి తాను విన్నది తన మాటల్లో తిరిగి చెబుతుంది, ఏమీ కలపకుండా. ‘అవును, అదే’ అని కూతురు ఒప్పుకున్నాకే తల్లి వంతు. అప్పుడు కూతురు విని తిరిగి చెప్పాలి. ఇది ఎక్కడ తెగుతుందో కచ్చితంగా చెప్పొచ్చు: తల్లి నోట ‘కానీ’ వచ్చిన చోట. ‘నువ్వు వెళ్లాలనుకుంటున్నావు, కానీ ఆ ఇంట్లో ఎవరెవరుంటారో...’ అక్కడ ఆపి మళ్లీ మొదటినుంచి చెప్పించాలి. అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది ఆ రోజు తేల్చక్కర్లేదు. ఎవరికి ఏ భాష వస్తే అందులోనే మాట్లాడనివ్వండి. మధ్యలో తెలుగు దిద్దితే మాట ఆగిపోతుంది.

మయామీలో క్యూబా నుంచి వచ్చిన కుటుంబాలతో పనిచేసిన మనస్తత్వవేత్త హోసే సపోచ్నిక్ బృందం ఒక మంచి దారి చూపింది. తప్పు తల్లిదీ కాదు, పిల్లదీ కాదు. పిల్లలు కొత్త దేశపు పద్ధతులను పెద్దలకంటే వేగంగా పట్టుకోవడం వల్ల వచ్చిన ఎడాన్నే ఇద్దరూ కలిసి ఎదుర్కోవాల్సిన సమస్యగా చూడమన్నారు. బోర్డు మీద ఇంటి పద్ధతి ఒకవైపు, బడిలో స్నేహితుల పద్ధతి ఇంకోవైపు రాయిస్తే చాలు, వేళ్లు ఒకరి మీదికొకరు చూపించుకోవడం తగ్గుతుంది.

సంఘం చేయగల ఇంకో సాయం ఎవరికీ తట్టదు. ఇంగ్లీషు అంతగా రాని తల్లికి ఫారాలు నింపేది, ఫోన్లలో మాట్లాడేది కూతురే. డాక్టర్ దగ్గరా ఆ పిల్లే దుబాసీ. పొద్దున తల్లి తరఫున మాట్లాడిన పిల్లకు సాయంత్రం ‘పెద్దల మాట వినాలి’ అంటే కోపం రాదా? అమెరికాలో ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు, అత్యవసరమైతే తప్ప, మైనర్ పిల్లల చేత అనువాదం చేయించకూడదు; దుబాసీని ఆసుపత్రే ఉచితంగా ఏర్పాటు చేయాలి. ఈ సంగతి తల్లులకు చెప్పి, మిగతా ఫారాల పనికి వారానికి ఒక పూట వాలంటీర్‌ను కూర్చోబెడితే కూతురు మళ్లీ కూతురిలా ఉండగలుగుతుంది.

తనకు తాను హాని చేసుకోవడం, తిండి మానేయడం, ఇంట్లో దెబ్బలు వంటివి ఈ గదుల్లో తేలేవి కావు. కౌన్సెలర్ల వివరాలు, అత్యవసర నంబర్లు మొదటి సెషన్‌కు ముందే నిర్వాహకుల చేతిలో ఉండాలి. తేదీలు పరీక్షలకు ముందు వారాల్లో పెట్టకండి, రెండు మూడు సెషన్లకే జంటలు జారిపోతాయి. వచ్చినా రాకపోయినా వాట్సాప్ గ్రూపులో హాజరు ప్రకటించొద్దు, రాని తల్లికి విడిగా ఫోన్ చేయండి.