ఉగాండాకి ముందు పెరంబూర్‌లో 47 ఇళ్లు

ఉగాండా వెళ్లొచ్చాక అందరూ వీసా గురించి, సూదిమందు గురించే అడుగుతున్నారు. అవీ చెబుతాను. కానీ నన్ను నిజంగా ఏడిపించింది అవి కాదు, డబ్బు అడగడం.

చెన్నైలో మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక ఆదివారం యవ్వనస్థుల కూడికకి ఒక అన్న వచ్చాడు. తొమ్మిది మంది బృందం, ఐదు వారాలు, ఉగాండాలో జింజా దగ్గర ఒక పల్లె. అక్కడి సంఘం నడిపే చిన్న బడిలో సాయం చేయాలి. నాకప్పుడు 25 ఏళ్లు, అంబత్తూర్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. చెయ్యి ఎత్తేశాను. జింజా ఎక్కడుందో ఇంటికొచ్చి ఫోన్‌లో చూసుకున్నాను.

రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. "పెళ్లి సంబంధాలు చూస్తుంటే ఆఫ్రికా అంటావేంటే?" అంది అమ్మ. నాన్న ఏమీ అనకుండా మజ్జిగ పోసుకున్నాడు. మా నాన్న సరే అంటే అలాగే ఉంటుంది.

ముందు పేరుతో తంటా వచ్చింది. మాది కావలి వైపు, కానీ నేను పుట్టింది, చదివింది అంతా చెన్నైలోనే. ఇక్కడి బడుల్లో ఇంటిపేరు రాయరు, నాన్న పేరులోని మొదటి అక్షరం ఒక్కటి పెడతారు. పాస్‌పోర్టుకి ఆ అక్షరం చాలదు. దాన్ని విడదీసి రాయడంతో ఇంటిపేరు ఉండాల్సిన చోట నాన్న పేరు వచ్చి కూర్చుంది. నాలుగు తరాల మా ఇంటిపేరు ఎక్కడా లేదు. అది చాలదన్నట్టు సంఘంలో నన్ను పిలిచేది బాప్తిస్మం పేరుతో. ఉగాండా సంఘానికి మావాళ్లు ఆ పేరే పంపారు, పిలుపు లేఖ ఆ పేరు మీదే వచ్చింది. అన్న చూశాడు కాబట్టి సరిపోయింది. లేఖ మళ్లీ రాయించి తెప్పించేసరికి పన్నెండు రోజులు పట్టింది. మనవాళ్లలో సర్టిఫికెట్‌లో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉన్నవాళ్లు ఎంతమందో. వెళ్లాలనుకునేవాళ్లు మొదటి రోజే పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, అక్షరం అక్షరం చూసి పేరు పంపండి.

పిల్లలతో పని కాబట్టి బృందంలో ప్రతి ఒక్కరూ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తేవాలన్నారు. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు, 500 రూపాయలు. విచారణకి కానిస్టేబుల్ మఫ్టీలో వచ్చాడు. కింది వాటాలో ఉండే పాటీ, అంటే తమిళ అవ్వ, ఆయన్ని పెళ్లివారి తరఫు మనిషి అనుకుంది. ఆయన నోరు తెరవకముందే "రొంబ నల్ల పొణ్ణు", చాలా మంచి పిల్ల అని సర్టిఫికెట్ తనే ఇచ్చేసింది.

సూదిమందు ఎల్లో ఫీవర్‌కి. ఉగాండాలో దిగాలంటే వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు రంగు కార్డు ఉండాలి, తిరిగి వచ్చేటప్పుడు మన దేశం కూడా అడుగుతుంది. కార్డు లేకుండా అలాంటి దేశం నుంచి వస్తే ఆరు రోజుల దాకా విడిగా ఉంచేస్తారు. నేను గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకున్నాను. ఒక సీసా తెరిస్తే కొన్ని గంటల్లోనే వాడేయాలట, అందుకని జనాన్ని జమచేసి వేస్తారు, మనకి కావలసిన రోజు దొరకదు. వేయించుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, కాబట్టి ప్రయాణానికి వారం ముందు పరుగెత్తితే లాభం లేదు. లోపల నర్సమ్మ "ముట్టై సాప్పిడువీంగళా?" అని అడిగింది. గుడ్డు తింటావా అని ఎందుకు అడుగుతుందో అర్థం కాక "ఇప్పుడే తిని వచ్చాను" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ మందు కోడిగుడ్డులో పెంచి తీస్తారట, గుడ్డు పడనివాళ్లకి ప్రమాదం. 2016 నుంచి ఈ కార్డు జీవితాంతం చెల్లుతుంది. నా పాస్‌పోర్టు పదేళ్లకి పోతుంది, ఈ కార్డు మాత్రం నేను పోయేదాకా ఉంటుంది.

మలేరియాకి డాక్టర్ డాక్సీసైక్లిన్ రాశారు. రోజుకొకటి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు. ఇంటికొచ్చాక మానేయాలనిపిస్తుంది, మానకండి. వీసా ఆన్‌లైన్‌లోనే, 50 డాలర్లు. ఎందుకు వెళ్తున్నామో అన్న దాచనివ్వలేదు, పిలుపు లేఖ జతచేసి ఉన్నదున్నట్టు రాయించాడు.

ఇక డబ్బు.

మనిషికి 1,30,000 అన్నారు. టికెట్టే అందులో సగం తినేస్తుంది. నా దగ్గర ఆర్డీలో 80,000 ఉంది, మిగతాది నాన్న ఇస్తానన్నాడు. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. అన్న ఒప్పుకోలేదు. కనీసం సగం నీదీ మీ ఇంటిదీ కాకూడదు, ఇల్లిల్లూ తిరిగి అడగాలి అన్నాడు. "నీకోసం ప్రార్థన చేయమంటే అందరూ ఆమెన్ అంటారు. వంద రూపాయలు ఇచ్చినవాళ్లే గుర్తుపెట్టుకుని చేస్తారు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఉన్న డబ్బు బ్యాంకులో పెట్టుకుని ఊళ్లో అడుక్కోవడమా? ఒక వారం ఆయనతో మాట్లాడలేదు.

చివరికి ఒక లాంగ్ నోట్‌బుక్ కొని ఎడమ పేజీలో పేరు, కుడి పేజీలో మొత్తం రాసుకోవడం మొదలుపెట్టాను. అకౌంట్స్ బుద్ధి ఎక్కడికి పోతుంది. పెరంబూర్, అయనావరం, వ్యాసర్‌పాడి కలిపి 47 ఇళ్లు తిరిగాను. ఆఫీసు అయ్యాక, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా. మొదటి ఇంట్లో నలభై నిమిషాలు కూర్చుని, కాఫీ తాగి, వాళ్లబ్బాయి ఇంజనీరింగ్ సీటు గురించి మాట్లాడి, వచ్చిన పని చెప్పకుండానే లేచి వచ్చేశాను. నోట్‌బుక్‌లో ఆ పేరు ఎదురుగా సున్నా వేసి, పక్కన 'అడగలేదు' అని రాసుకున్నాను. రెండో ఇల్లూ అంతే.

మూడో ఇల్లు కార్పొరేషన్‌లో ఊడ్చే పని చేసే ఒక అక్కది. నేను నీళ్లు నములుతుంటే ఆమే "ఎంత కావాలమ్మా?" అంది. లోపలికెళ్లి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, అడుగున ఉన్న కవర్ తీసి, 200 ఇచ్చింది. నోట్లకి బియ్యప్పిండి అంటుకుని ఉంది. వద్దనలేను, తీసుకోలేను. "పట్టు, నేనెట్టాగూ విమానం ఎక్కను" అంది. ఆ రాత్రి మళ్లీ మొదటి రెండు ఇళ్లకీ వెళ్లి అడిగాను.

రైల్వే క్యారేజ్ వర్క్స్‌లో పనిచేసి రిటైరైన ఒక తాతయ్య డబ్బు ముందు ఇవ్వలేదు, పాఠం ముందు చెప్పాడు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు రేవు నుంచి కూలీలను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి తీసుకెళ్లిందట. ఆ తర్వాత ఎన్నో ఓడల్లో మన తెలుగువాళ్లు వెళ్లారు, చెరుకు తోటల్లోకి, తేయాకు తోటల్లోకి. వాళ్ల మధ్య సేవకి నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్య గారిని పంపారు. "దొరలు పంపలేదమ్మా, మనోళ్లే చందాలేసుకుని పంపారు. నువ్వు మొదటిదానివేం కాదు" అన్నాడు. నాకు ఆ సంగతి అసలు తెలియదు. సండే స్కూల్లో దొరల మిషనరీలు క్యారీ గారి గురించి, లివింగ్‌స్టన్ గురించి చెప్పారు కానీ రంగయ్య గారి గురించి ఎవరూ చెప్పలేదు. దీనికి మాత్రం నాకు ఇప్పటికీ కోపమే.

వ్యాసర్‌పాడిలో ఒక అంకుల్ ఒక్క రూపాయి ఇవ్వలేదు. "ఆ లక్షా ముప్పైతో ఈ వీధిలో పిల్లలకి ఏడాది పాటు ట్యూషన్ చెప్పించొచ్చు కదమ్మా? అక్కడ బడిలో చెప్పేవాళ్లు లేరా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా అడిగారు. "ప్రభువు పిలుపు అంకుల్" అన్నాను. అనగానే నాకే నచ్చలేదు. ఐదు వారాలకి వెళ్లేదానికి అంత పెద్ద మాట ఎందుకు? ఆయన ప్రశ్నని నోట్‌బుక్‌లో కుడి పేజీలో, అంకె ఉండాల్సిన చోట రాసుకున్నాను.

ఇంకో ఆంటీ "డబ్బు ఎక్కడిదే నా దగ్గర" అని లోపలికెళ్లి, హార్లిక్స్ సీసా నిండా గోంగూర పచ్చడి పెట్టి తెచ్చింది. పైన వేలు మందాన నూనె. మూతకి ప్లాస్టిక్ కవర్ చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, దాని మీద ఇంకో కవర్ వేసి కట్టింది. దాన్ని ఏ లెక్కలో రాయాలో తెలియక 'పచ్చడి, 1' అని రాశాను.

39 ఇళ్ల నుంచి 71,450 వచ్చింది. కావలసినది 65,000. ఎక్కువైన 6,450 బృందంలో తక్కువపడిన ఒక తమ్ముడికి పోయింది.

ఉగాండా గురించి పేజీలు పేజీలు రాయొచ్చు, కానీ అక్కడ నేను చేసింది చెబితే చాలా చిన్నదిగా ఉంటుంది. దుబాయ్ మీదుగా ఎంటెబ్బెలో దిగాం. కౌంటర్‌లో ఆవిడ నన్ను మా నాన్న పేరుతో పిలిచింది. బడిలో టీచర్లూ అంతే, ఐదు వారాలూ నేను మా నాన్ననే. పొద్దున్నే పసుపు రంగు 20 లీటర్ల జెర్రీక్యాన్‌లో నీళ్లు మోయడం, మటోకే అనే పచ్చి అరటికాయలు వలవడం, చిన్న పిల్లలకి అక్షరాలు దిద్దించడం. సగం క్యాన్ మోసి నేను నాలుగుసార్లు ఆగేదాన్ని. ఎనిమిదేళ్ల పిల్లలు నన్ను దాటి వెళ్తూ "ముయిండీ" అని నవ్వేవాళ్లు, అంటే ఇండియా మనిషి అని. ఒక ఆదివారం సంఘంలో సాక్ష్యం, అంటే నా విశ్వాసం గురించి, చెప్పాను. నేను రెండు నిమిషాలు మాట్లాడితే తర్జుమా చేసిన ఆయన ఆరు నిమిషాలు చెప్పాడు. జనం బాగా చప్పట్లు కొట్టారు, ఆయన మాటలకే అనుకుంటాను.

జింజా టౌన్‌లో పాత మేడల మీద ఇండియా వాళ్ల పేర్లు, కట్టిన సంవత్సరాలు ఇంకా కనిపిస్తాయి. 1972లో అప్పటి ఉగాండా పాలకుడు ఈదీ అమీన్ 90 రోజుల్లో దేశం వదిలి పొమ్మన్నవాళ్ల మేడలు. వాళ్లు పోయినా చపాతీ పోలేదు. చపాతీలో ఆమ్లెట్ చుట్టి రోడ్డు పక్కన అమ్ముతారు, పేరు రోలెక్స్. మా బృందం ఆకలికి అదే దిక్కు.

గోంగూర సీసా పదకొండో రోజు తెరిచాను. మేమున్న ఇంటి పెద్దావిడ పోషోలో, అంటే మొక్కజొన్న పిండి ముద్దలో, కొంచెం అద్దుకుని కళ్లు మూసుకుంది. బాలేదేమో అనుకున్నాను. మర్నాడు తనే ప్లేట్ పట్టుకుని వచ్చింది. నాలుగో రోజుకి సీసా ఖాళీ.

వచ్చాక మళ్లీ 47 ఇళ్లు తిరిగాను, ఫొటోలు, లెక్కలు పట్టుకుని. వ్యాసర్‌పాడి అంకుల్ అన్నీ శ్రద్ధగా చూసి, "మరి ట్యూషన్ సంగతి?" అన్నారు. నా దగ్గర అప్పుడూ జవాబు లేదు. అడగడం మాత్రం వచ్చింది కాబట్టి, "మీ మేడ మీద గది ఇస్తారా అంకుల్?" అన్నాను. ఆలోచిస్తానన్నారు. ఇంకా ఆలోచిస్తున్నారు.

చివరగా పచ్చడి ఆంటీ ఇల్లు. ఖాళీ సీసా తిరిగి ఇవ్వకూడదని ఉగాండా కాఫీ పొడి నింపి తీసుకెళ్లాను. ఆంటీ మూత తీసి వాసన చూసింది. "కాఫీయా? మా ఇంట్లో తాగేది టీ కదే" అంది. అయినా పొడి వేరే డబ్బాలో పోసుకుని, సీసా కడిగి, ఎండలో బోర్లించింది.