అంబాసిడర్‌లో హీటర్ పైపుకి కొత్త దారి

శనివారం, ఆటోనగర్, విజయవాడ

ఇవాళంతా ఒక్క బండితోనే సరిపోయింది. పాత పెట్రోల్ అంబాసిడర్, 1489 సీసీ, బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. ఈ మధ్యే ఏసీ పెట్టించారు. కంప్రెసర్ బ్రాకెట్టు సరిగ్గా హీటర్ రిటర్న్ పైపు (హీటర్లో తిరిగిన ఇంజిన్ వేడి నీళ్లు మళ్లీ ఇంజిన్‌కి వచ్చే పైపు) నడిచే చోటే కూర్చుంది. ఎవరో పైపుని పక్కకి తోసి తీగతో కట్టి పంపారు. అది ఇంజిన్ పొగ బయటికి పోయే మానిఫోల్డ్‌కి ఆనుకుని కాలి, వేలితో నొక్కితే చిట్లేలా గట్టిపడిపోయింది.

ఎండలు 45 తాకే బెజవాడలో హీటరెందుకు, తీసి పారేస్తే పోలా అంటారు. తీసేవాళ్లు చేసేది ఒకటే: హెడ్డు నుంచి వచ్చే పైపుని తెచ్చి రిటర్న్‌కి కలిపేస్తారు. అప్పుడు కాగిన నీళ్లలో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజిన్ నీళ్ల పంపులోకి పోతుంది. మే నెలలో అదే కొంప ముంచుతుంది. హీటర్ ఉంచితే అది రెండో చిన్న రేడియేటర్. బెంజ్ సర్కిల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పోతోందంటే ఏసీ ఆపి, హీటర్ కుళాయి తిప్పి, బ్లోవర్ ఫుల్లుగా పెట్టాలి. లోపల కూర్చున్నవాళ్లు చెమటలు కక్కుతారు, హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ ప్యాకింగ్ మాత్రం బతుకుతుంది. డిసెంబర్‌లో లంబసింగి వెళ్తే అద్దం మీద మంచు తుడుచుకునే పనీ ఉండదు.

నీళ్ల దారి మారకూడదు, పైపు దారే మారాలి. హెడ్డు వెనక కుళాయి, అక్కణ్నుంచి హీటర్, అక్కణ్నుంచి రేడియేటర్ కింది హోసు. కింది హోసు పంపు నీళ్లు పీల్చే వైపు. రిటర్న్ అక్కడ కలిస్తేనే హీటర్లో నీళ్లు బాగా కదులుతాయి. ఆ కలిపే చోట క్లిప్పు వదులైతే ఇంజిన్ నడుస్తున్నప్పుడు చుక్క కారకపోవచ్చు, గాలి లోపలికి లాగేస్తుంది. రేడియేటర్లో ఆగకుండా బుడగలు వస్తుంటే చాలామంది హెడ్ ప్యాకింగ్ పోయిందని విప్పేస్తారు. ముందు ఈ క్లిప్పు చూడాలి.

చల్లారిన ఇంజిన్ మీదే నీళ్లు దించాలి. రేడియేటర్ కుళాయి ఒక్కటే కాదు, బ్లాకు కుళాయి కూడా. అది తుప్పుతో పూడిపోయి ఉంటుంది, సన్న తీగతో పొడిస్తే కానీ రాదు. హెడ్డు మీది కుళాయిని బిగించే స్టడ్లకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే మంచిది. పోత ఇనుములో స్టడ్డు విరిగితే పైపు పని కాస్తా లేత్ పని అవుతుంది.

కొత్త పైపుకి ఏసీ వాళ్లు వాడే అర అంగుళం రాగి గొట్టం తీసుకున్నాం. బయటి కొలత 12.7 మి.మీ., అర అంగుళం హోసులో బిగువుగా పడుతుంది. ముందు జీఐ తీగని ఇంజిన్ మీద వంచి దారి చూసుకుని, ఆ తీగ పక్కన గొట్టం పెట్టి బెండర్‌తో వంచాం. చేత్తో వంచితే నలిగి సగం మూసుకుపోతుంది. గొట్టం రెండు కొనల దగ్గరా చుట్టూ సన్న గట్టు లేపాలి. గట్టు లేకపోతే వేడికి మెత్తబడ్డ హోసు జారి ఊడొస్తుంది. క్లిప్పు గట్టుకి వెనకాలే పడాలి, గట్టు మీద కాదు.

మానిఫోల్డ్‌కి కనీసం 50 మి.మీ. దూరం. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పైన జాయింటు వద్దు, ఒక్క చుక్క పడినా ఇంజిన్ మిస్ కొడుతుంది. యాక్సిలరేటర్ లింకు పూర్తిగా లాగి చూడాలి, పైపుకి తగలకూడదు. రాగి అదురుకి గట్టిపడి పగులుతుంది. అందుకే రెండు చోట్ల ఇంజిన్‌కే రబ్బరు వేసిన క్లిప్పులతో పట్టు ఇచ్చాం. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య మాత్రం హోసే, అదీ కాస్త వదులుగా. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది మరి.

హోసు రేడియేటర్‌కి వాడేదే కొనాలి, గ్యాస్ పైపూ పెట్రోల్ పైపూ పనికిరావు. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు చాలు. గ్రీజు రాస్తే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. 16–25 సైజు క్లిప్పులు సరిపోయాయి.

మళ్లీ నీళ్లు నింపడం దగ్గర తొందర పనికిరాదు. బండి ముందు భాగం జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, హీటర్ కుళాయి తెరిచి, రాగి గొట్టం పై కొన దగ్గర హోసు ఊడదీశాం. కూలెంట్ ఒక పాలు, డిస్టిల్డ్ వాటర్ రెండు పాళ్లు. బోరు నీళ్లు పోస్తే హీటర్ సన్న గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. ఊడదీసిన చోట బుడగ లేకుండా ధార వచ్చాక హోసు తగిలించాం. హోసు ఎక్కడైనా రేడియేటర్ మూత కంటే ఎత్తున వంపు తిరిగితే గాలి అక్కడే చిక్కుకుంటుంది, ఎంత పోసినా హీటర్ చల్లగానే ఉంటుంది.

రేడియేటర్ మూత 7 పౌన్ల ఒత్తిడిది (7 psi). చేతి పంపుతో అంతే ఒత్తిడి పెట్టి పది నిమిషాలు చూశాం, ముల్లు దిగలేదు. అంతకు మించి కొడితే పాత హీటర్ టంకాలు విడిపోతాయి. ఇంజిన్ కాగి చల్లారాక రబ్బరు కాస్త అణుగుతుంది కాబట్టి రేపు పొద్దున క్లిప్పులన్నీ ఇంకోసారి బిగించాలి. రేడియేటర్లో మట్టం కూడా అప్పుడే చూడాలి, పావు లీటరు దాకా తగ్గొచ్చు.