ఎల్డరా ఓల్డరా

స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో మేడమ్ ఈ రోజు ఎల్డర్, ఓల్డర్ తేడా చెప్పారు, భలే నచ్చింది. రెండూ ఓల్డ్ నుంచే వచ్చాయి కానీ ఎల్డర్ పాత రూపం, ఇప్పుడు ఎక్కువగా ఇంట్లోవాళ్ళకే వాడతారు, అది కూడా మై ఎల్డర్ బ్రదర్ అన్నట్టు నౌన్ ముందు పెట్టి. వెనకాల దేన్ వచ్చిందంటే మాత్రం ఎల్డర్ కుదరదు, హీ ఈజ్ ఓల్డర్ దేన్ మీ అనాల్సిందే. బండికీ బిల్డింగుకీ ఎప్పుడైనా ఓల్డరే.

మనకి అక్క వేరు చెల్లి వేరు కదా, ఉత్త సిస్టర్ అంటే ఏదో సగమే చెప్పినట్టుంటుంది, అందుకే మనవాళ్ళ నోట ఎల్డర్ సిస్టర్ అంత ఎక్కువ వినిపిస్తుంది. ఇంగ్లీష్ వాళ్ళు చాలాసార్లు మై సిస్టర్ అని వదిలేస్తారట, నేనైతే అలా అనను, అక్క అక్కే.

ఇంకోటి, సీనియర్ పక్కన దేన్ రాదు, సీనియర్ టు మీ అనాలి. జూనియర్, సుపీరియర్ కూడా అంతే, ఇవన్నీ లాటిన్ నుంచి వచ్చినవి, అక్కడే పోలిక చెప్పే మాటలు.

ఇంటర్వ్యూలకి ప్రిపేరవుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇది ఒకసారి చూసుకోండి, సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లో ఫ్యామిలీ గురించి చెప్పేటప్పుడు పనికొస్తుంది.