86 ఏళ్లకు మొదటిసారి

మా జేజికి 86. తాత పోయినప్పుడు, మూడేళ్లు వరుసగా శెనక్కాయ పంట ఎండిపోయినప్పుడు కూడా దిగులుతో మూలన కూర్చున్న మనిషి కాదు. అట్లాంటిది దసరా నుంచి సంగటి ముద్ద చిదిమి చిదిమి పళ్లెంలోనే వదిలేస్తోంది, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటోంది. "ఒళ్లంతా మంటలు నాయనా" అంటుందే తప్ప బాధగా ఉందని ఒక్కసారీ అనలేదు. పేర్లు మర్చిపోతుంటే మతిమరుపు జబ్బేమో అనుకున్నాం. వయసైపోయింది, అంతే అన్నారు ఊర్లో (నేనూ అన్నా, దాచడమెందుకు).

అనంతపురంలో డాక్టరమ్మ థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించి, అవునో కాదో చెప్పమని 15 ప్రశ్నలు అడిగింది. "నీ బతుకు నీకు తృప్తిగా ఉందా అవ్వా?" అంటే జేజి కొంగు ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ చాలాసేపు కూర్చుంది.

డిప్రెషనేనంట. జీవితంలో మొదటిసారి ఈ వయసులో రావడం వింతేమీ కాదంట. మెదడులో సన్న రక్తనాళాలు దెబ్బతినడం, చెవులు వినపడక నలుగురిలోనూ ఒంటరవడం, తోటివాళ్లు ఒక్కొక్కరే పోవడం, ఏదైనా కారణం కావచ్చు. ముసలివాళ్లలో చాలామందికి ఏడుపు కంటే ఒంటినొప్పులే ముందు బయటపడతాయంట. మాత్ర చిన్న మోతాదుతో మొదలుపెట్టి, దానివల్ల రక్తంలో సోడియం తగ్గుతుందేమో చూడాలని మళ్లీ రమ్మంది.

ఆరు వారాలైంది. నిన్న ఊరిబిండిలో ఉప్పు తక్కువైందని మా అమ్మను తిట్టింది. అమ్మ వంటింట్లోకి పోయి ఒక్కతే నవ్వుకుంది.