బాస్కర్‌విల్ కుక్కా, మా అక్క కూతురూ

మన వైపు ఇంగ్లీషు బాగుపడాలంటే పెద్దలు చెప్పే మందు ఒక్కటే: హిందూ పేపరు ఎడిటోరియల్ చదువు. చిత్తూరు జిల్లా గ్రంథాలయంలో నేను చూసిన ఆ పేజీల నిండా పెన్సిల్ గీతలే. ఎవరో ఒక మాట కింద గీసి పెట్టేవాడు, ఇంకెవరో పక్కన తెలుగు అర్థం రాసేవాడు, మూడోవాడు అది తప్పని కొట్టేసేవాడు. ఆ తర్వాతి మెట్టు జి.ఆర్.ఈ. పదాల పుస్తకం. అది ఎవరింట్లో చూసినా మొదటి పేజీలే నలిగి ఉంటాయి, మిగతాదంతా కొత్తగా నవనవలాడుతూ ఉంటుంది. అందుకే మా వయసువాళ్లకు అబేట్, అబాష్, అబ్‌హార్ నిద్రలో లేపి అడిగినా వస్తాయి. 'సి' దాటినవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

ఇంగ్లండులో డెవన్ అనే కౌంటీలో ఒక ఆసుపత్రి వార్డులో నర్సుగా చేస్తున్నాను. మా అక్క కూతురు తిరుపతిలో స్టాఫ్ నర్సు, తనకూ ఇటు రావాలని. బ్రిటన్‌లో నర్సుల పేర్లు నమోదు చేసే ఎన్.ఎం.సి. ఇంగ్లీషు పరీక్ష అడుగుతుంది. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అయితే చదవడం, వినడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5 రావాలి. వైద్యరంగంలో వాళ్ల కోసమే పెట్టిన ఓ.ఇ.టి. అయితే మొదటి మూడింటిలో బి, రాయడంలో సి ప్లస్. పాప ఓ.ఇ.టి. ఎంచుకుంది. కోచింగ్‌లో వెయ్యి మాటల జాబితా ఇచ్చారు. పోయినసారి సెలవుకు వెళ్లినప్పుడు ఆ నోట్సు చూశాను. ఎడమవైపు మాట, కుడివైపు అర్థం, మధ్యలో స్కేలు పెట్టి గీసిన ఎర్రగీత. ఏ మాట ఎవరు ఎవరితో అంటారో, ఎప్పుడు అంటే ఎబ్బెట్టుగా ఉంటుందో అందులో ఎక్కడా లేదు.

"ఇది కాదు పాపా, ఒక నవల చదువు," అన్నాను. అక్క వంటింట్లో నుంచే అందుకుంది: "పరీక్ష పెట్టుకుని కథల పుస్తకాలేందిరా? బాగుండాది మీ చదువు!"

నేను ఎంచింది కానన్ డాయిల్ రాసిన 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్'. డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కథ, బాస్కర్‌విల్ వంశాన్ని వెంటాడే భయంకరమైన వేటకుక్క గురించి. 1901-02లో స్ట్రాండ్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. పదిహేనే అధ్యాయాలు. కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది, లిబ్రివాక్స్‌లో ఆడియో కూడా ఉంది. నా స్వార్థం ఇంకోటి ఉంది: కథ జరిగే డార్ట్‌మూర్ మా డెవన్‌లోనిదే. కథలో ఖైదీ తప్పించుకునే ప్రిన్స్‌టౌన్ జైలు కట్టడం ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది.

చలికాలంలో తిరుపతికీ మాకూ ఐదున్నర గంటల తేడా. నైట్ డ్యూటీలో నాకు మూడింటికి బ్రేక్ దొరికితే అక్కడ ఎనిమిదిన్నర, పాప బైరాగిపట్టెడ నుంచి ఆటోలో డ్యూటీకి పోతూ ఉంటుంది. మా చదువంతా ఆ ఆటోలోనే, హారన్ల మధ్యే. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపేది: "మామా, మూర్ అంటే ఏంది? డిక్షనరీలో బీడు అనుండాది. బీడులో కుక్క తిరిగితే అంత భయమేంది?"

బీడు కాదు. చెట్లు లేని ఎత్తైన నేల, మైళ్ల కొద్దీ గడ్డీ పొదలూ, అడుగు వేస్తే దిగబడే తడిమట్టి, ఉన్నట్టుండి కమ్మేసే పొగమంచు. కొండ తలల మీద నల్లరాతి గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, వాటిని టోర్ అంటారు. మదనపల్లె దారిలో గుట్టల మీద కనిపించే గుండ్లను మంచులో నానబెట్టినట్టు అనుకో అన్నాను. రెండు చోట్లా గ్రానైటే. సెలవు రోజున వెళ్లి ఫొటోలు తీసి పంపాను. ఆ తర్వాత ఆ మాట ఆమెను మళ్లీ ఎప్పుడూ నిలిపెయ్యలేదు.

ఈ మాట మీదే నవలలో ఒక తమాషా ఉంది. బాస్కర్‌విల్ వంశ వారసుడు సర్ హెన్రీకి ఒక బెదిరింపు చీటీ వస్తుంది: ప్రాణం మీద తీపి ఉంటే మూర్‌కు దూరంగా ఉండమని. రాసినవాడు ముందు రోజు టైమ్స్ పత్రిక సంపాదకీయంలోంచి మాటలు కత్తిరించి అంటించాడు. ఒక్క 'మూర్' మాత్రం చేత్తో రాశాడు, ఎందుకంటే అది పేపర్లో దొరకలేదు. ఎడిటోరియల్ చదివితే చాలనే మనవాళ్లకు ఆ పేజీ ఫొటో తీసి పంపాలనిపిస్తుంది నాకు.

మొదటి అధ్యాయంలో పాప నీరసపడింది. న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో ఒక లెక్క చెప్పాడు: ఎవరి సాయం లేకుండా నవల చదవాలంటే అందులో నూటికి 98 మాటలు తెలిసుండాలి, అందుకు 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలి. కుటుంబమంటే వర్క్, వర్కర్, వర్కింగ్ అన్నీ కలిపి ఒకటి. అంటే మూడొందల మాటల పేజీలో తెలియనివి ఆరు దాటకూడదు. ఆమెకు ఇరవై దాకా తేలాయి. అలాంటప్పుడు పట్టుదలతో చదువు అనడం దండగ. నేను అధ్యాయం కథంతా ముందే తెలుగులో చెప్పేసేవాణ్ణి. డిటెక్టివ్ కథలో గుట్టు విప్పడం పాపమే, కానీ ఏం జరుగుతుందో తెలిశాక మాటలు ఎక్కడికక్కడ వాటంతట అవే అర్థమయ్యేవి. ఆడియో వింటూ కళ్లతో చదివేది. పేజీకి రెండు మూడు మాటలకే డిక్షనరీ, మిగతావి వదిలెయ్యమన్నాను. అవసరమైన మాట ఎలాగూ ఇంకో పేజీలో మళ్లీ తగులుతుంది.

ఆ మొదటి అధ్యాయాన్ని నర్సులకు పాఠంగా పెట్టాలని నా అభిప్రాయం. ఎవరో మరిచిపోయిన చేతికర్ర, దాని మీద జేమ్స్ మార్టిమర్, ఎం.ఆర్.సి.ఎస్., సి.సి.హెచ్. మిత్రుల నుంచి, 1884 అని చెక్కి ఉంటుంది. ఎం.ఆర్.సి.ఎస్. అంటే సర్జన్ల కాలేజీ సభ్యుడని. కర్రను చూసి హోమ్స్ మిత్రుడు డాక్టర్ వాట్సన్ తోచింది చెబుతాడు: ముసలి పల్లెటూరి డాక్టరు, సి.సి.హెచ్. అంటే ఏదో వేట సంఘం. హోమ్స్ సరిచేస్తాడు: డాక్టరుకు కానుక ఇచ్చేది ఆసుపత్రివాళ్లయి ఉంటారు, అది చేరింగ్ క్రాస్ హాస్పిటల్; మనిషి ముప్పై లోపువాడు, వెంట ఒక కుక్క కూడా ఉంది. తీరా మార్టిమర్ వచ్చాక తెలుస్తుంది, ఆ కానుక అతని పెళ్లికి ఇచ్చారని. అంతటి హోమ్సూ అక్కడ కొంచెం జారాడు.

ఇన్‌ఫర్, ప్రిజ్యూమ్, సర్మైజ్, కంజెక్చర్. కోచింగ్ నోట్సులో నాలుగింటికీ 'ఊహించు' అనే ఉంది. కర్ర కథ చదివాక పాప ఒక ఉదయం పంపింది: "మామా, మనం వచ్చినట్టుండాది, వచ్చింటాడు, వచ్చిండొచ్చు అంటాము గదా, ఇదీ అంతేనా?" అంతే. చెప్పులు గుమ్మంలో కనిపిస్తే ఒకటి, కనిపించకపోతే ఇంకోటి.

ఇక్కడ వార్డులో ఇది ముచ్చట కాదు, పని. పేషెంటు తాగి ఉన్నాడని నోట్సులో రాయకూడదు. నోటి నుంచి మద్యం వాసన, మాట తడబాటు అని రాయాలి. ఆ తడబాటుకు మద్యం కారణమా, స్ట్రోకా, సుగర్ పడిపోవడమా తేల్చేది ఆ తర్వాత. చూసిందేదో, దాన్నిబట్టి అనుకున్నదేదో వాక్యంలోనే వేరుగా కనపడాలి. ఒప్పజెప్పేటప్పుడు ఎస్.బి.ఏ.ఆర్. అనే వరస ఉంది: ఇప్పుడేమైంది, వెనక ఏముంది, నాకేమనిపిస్తోంది, ఏం చెయ్యాలంటున్నాను. మూడో మెట్టులో పైన చెప్పిన మాటలన్నీ అక్కరకొస్తాయి.

ఇంకో చిన్న సంగతి. నవలలో హోమ్స్ "డాక్టర్" అని పిలిస్తే, మార్టిమర్ కాదు మిస్టర్ అని దిద్దుతాడు. బ్రిటన్‌లో సర్జన్లను డాక్టర్ అనరు, మిస్టర్, మిస్, మిసెస్ అంటారు. ఎప్పుడో మంగలివాళ్లు శస్త్రచికిత్సలు చేసిన కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ, ఇప్పుడదే గొప్ప. తిరుపతిలో సర్జన్ని మిస్టర్ అని పిలిచి చూడండి!

ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు వాట్సన్ హోమ్స్‌కు రాసిన నివేదికలు. ఒక డాక్టరు, అక్కడ లేని ఇంకొకరికి, ఏం చూశాడో వరసగా రాయడం. ఓ.ఇ.టి. రాత పరీక్షలో అడిగేదీ ఉత్తరమే: ఐదు నిమిషాలు కేస్ నోట్సు చదివి, నలభై నిమిషాల్లో ఇంకో వైద్యుడికో నర్సుకో రాయాలి. ఏది ముందు, ఏది వెనక, ఏది వదిలెయ్యాలి అనేది పాప వాట్సన్ దగ్గరే పట్టుకుంది. కానీ భాష పట్టుకోకూడదు. ఒక ప్రాక్టీసు ఉత్తరంలో రోగికి 'సింగ్యులర్' నొప్పి ఉందని రాసి పంపింది. హోమ్స్ నోట అది వింత అనే అర్థంలో ఊతపదం. ఇప్పుడు అలా రాస్తే చదివే డాక్టరు నొప్పి ఒకటేనా, రెండా అని లెక్కపెడతాడు. పాత నవలతో వచ్చే చిక్కు ఇదే. అందుకే కొత్తగా నేర్చిన ప్రతి మాటనూ నాకు చూపించాకే ఉత్తరంలో పెట్టమన్నాను.

నవల నేర్పనిది ఇంకా చాలా ఉంది. డెవన్ ముసలమ్మలు నర్సును "మై లవర్" అని పిలుస్తారు, మన అవ్వలు "నాయనా" అన్నంత మామూలుగా. కొత్తగా వచ్చిన మన పిల్లలు మొదటిసారి విని బిగుసుకుపోతారు. ఎక్కడుంది అనడానికి "వేర్స్ దట్ టు" అంటారు. ఇవి ఏ జాబితాలోనూ ఉండవు, చెవిన పడాల్సిందే.

పాప చదువుతుందని నర్సుల హాస్టల్లోని ఇద్దరు ముగ్గురు అమ్మాయిలూ చేరారు. హౌండ్ పూర్తయింది, పరీక్షకు ఇంకా టైముంది, తర్వాత ఏం చదవాలని గొడవ. నేను ఇంకో డిటెక్టివ్ కథ అన్నాను, వాళ్లు లవ్ స్టోరీ కావాలన్నారు. వాళ్లే గెలిచారు. జేన్ ఆస్టిన్ 1813లో అచ్చు వేయించిన 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్', అరవై ఒక్క అధ్యాయాలు. ఐదుగురు ఆడపిల్లలు, పెళ్లిళ్ల హడావిడి, తండ్రి తర్వాత ఎస్టేటు కూతుళ్లకు రాకుండా మగవారసుడు కాలిన్స్‌కు పోయే ఏర్పాటు. పద్ధతి ప్రకారం కథ ముందుగా తెలుగులో స్పీకర్ ఫోన్లో చెబుతుంటే వెనక గిన్నెల చప్పుడు ఆగింది.

"ఆడపిల్లలకు ఆస్తి లేదా? మనకు ఎన్టీఆర్ ఇచ్చె గదరా, వాళ్లకు ఎవురూ లేరా?" అంది అక్క. లేరు, అది మనకంటే చాలా ముందు కాలం అన్నాను. "సరే గానీ, ఆ పెద్దపిల్ల సంబంధం కుదిరిందా లేదా, అది చెప్పి పెట్టు ఫోను."