పగడపు ఇసుకలో తోటకూర: మాల్దీవుల బడిలో తోట వేసిన నా అనుభవం

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇప్పుడు మాల్దీవుల్లో, లాము అటోల్‌లోని (అటోల్ అంటే వలయంగా ఉండే పగడపు దీవుల గుంపు) ఓ చిన్న దీవిలో సైన్స్ టీచర్‌గా చేస్తున్నాను. మాల్దీవులంటే మనవాళ్లకి రిసార్టు ఫొటోలే గుర్తొస్తాయి కదా, అందుకే కూరగాయలు దొరక్క టెన్షన్ పడుతున్నానంటే మా అమ్మ నమ్మలేదు. "చుట్టూ సముద్రమేగా, చేపలు తినవే" అంది.

చేపలకి కరువు లేదమ్మా. పొద్దున గాలంతో పట్టిన ట్యూనా సాయంత్రానికి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. బియ్యం, పిండి, పంచదార బయటి నుంచి వస్తాయి, అందులో మన దేశానిది పెద్ద వాటా. 1981 నాటి ఒప్పందం ప్రకారం ఏటా కోటా ఉంటుంది, మన దగ్గర ఎగుమతులు ఆపేసినా మాల్దీవులకి మినహాయింపు ఇస్తారు. 2024-25కి గుడ్లే 42.75 కోట్లు! 2022 లెక్కల్లో ఇక్కడి జనాభా 5 లక్షల పైచిలుకు, అంటే తలకి 800 గుడ్లు దాటతాయి (టూరిస్టులు కూడా తింటారనుకోండి). కాబట్టి కడుపు నిండని వాళ్లు మా దీవిలో నాకు కనపడలేదు. కనపడనిది ఆకుకూర, పండు.

అవి రాజధాని మాలే నుంచి వారానికోసారి ధోనీలో రావాలి. ధోనీ అంటే పడవ, క్రికెటర్ కాదు, నేనూ మొదట్లో నవ్వాను. నైరుతి గాలులు మొదలయ్యాక ఓ జూన్‌లో ఆ పడవ వరసగా రెండు వారాలు రాలేదు. కొట్టులో ఒక్క క్యాబేజీ మిగిలింది. కొట్టాయన కుళ్లిన రేకులు రోజుకొకటి తీసేస్తూ వచ్చాడు, చివరికి అది నా పిడికిలంత అయింది, దాన్నీ ఎవరో కొనుక్కుపోయారు. బళ్లో పిల్లలేమో ఇంటర్వెల్‌లో నూడుల్స్ ప్యాకెట్ పగలగొట్టి, మసాలా చల్లి, పచ్చివే నమిలేస్తుంటారు.

అప్పుడు అనిపించింది తోట వేద్దామని. హెడ్ మేడమ్, తల్లిదండ్రుల కమిటీ, ఐలాండ్ కౌన్సిల్, మూడు చోట్లా ఉత్తరాలిచ్చాను. నెలన్నర పట్టింది కానీ ఎవరూ కాదనలేదు, దాని గురించి చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు. అసలు తిప్పలన్నీ నేలతోనే.

ఇక్కడ మట్టి లేదు. మీరు సరిగ్గానే చదివారు. పగడాలు, గవ్వలు అరిగి పొడైన తెల్లటి ఇసుక, పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి జాడ ఉండవు. కోనసీమ నల్లమట్టిలో ఏ గింజ విసిరినా మొలవడం చూసి పెరిగినదాన్ని, అదే ధీమాతో తోటకూర చల్లాను. మొలిచింది, పది రోజులకి లేత ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఎరువు చాల్లేదేమోనని ఇంకా వేశాను, ఇంకా పసుపెక్కాయి. ఫొటో తీసి మా బాబాయికి పంపితే ఆయన ఫోన్‌లో తిట్టినంత పని చేశాడు: "ఎరువు ఆపమ్మా ముందు, అది ఇనుము లోపం. సున్నపు నేలలో ఇనుము వేళ్లకి అందదు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము లీటరు నీళ్లలో కలిపి ఆకుల మీద కొట్టు."

అన్నభేది మాలే నుంచి రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మొదటి మడి ఈలోగా పోయింది. రెండో మడికి వారం తేడాతో రెండుసార్లు కొట్టాను, కొత్తగా వచ్చిన ఆకులు పచ్చగా వచ్చాయి.

తర్వాత నీళ్లు. దీవి కింద ఉప్పునీటి మీద వాన నీరు పలచటి పొరలా తేలుతూ ఉంటుంది, ఇక్కడి బావుల్లో తగిలేది అదే. మోటారు పెట్టి గట్టిగా తోడితే అడుగునున్న ఉప్పు పైకొస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాలెంతో చెప్తుంది, ఎక్కువైతే ఉప్పన) చూస్తే బడి బావి 1,900 చూపించింది, మసీదు వెనక బావి 600. అక్కడి నుంచి పిల్లలే బకెట్లతో మోశారు. 2004 సునామీలో సముద్రం తోటల్లోకి వచ్చాక ఎన్నాళ్లు ఏమీ పండలేదో మా వాచ్‌మన్ తాతగారు చెప్తూ, మోటారు మాట ఎత్తొద్దన్నారు. ఎత్తలేదు.

ఇసుకకి పట్టు రావాలంటే కంపోస్టు కావాలి. ట్యూనా తలలు, పేగులు ఊరికే దొరుకుతాయి కదా అని జానెడు లోతున పాతిపెట్టించాను. తెల్లారేసరికి పిల్లులూ కాకులూ అన్నీ తవ్వేశాయి, అసెంబ్లీ గ్రౌండ్ నిండా చేప తలలు! ఆ రోజు ప్రార్థన ముక్కులు మూసుకునే జరిగింది. ఆ తర్వాత మూత ఉన్న డ్రమ్ములు తెప్పించి, కొబ్బరి పీచు పొట్టు, ఎండాకులు, చేప వ్యర్థాలు పొరలు పొరలుగా వేశాం. రెండు నెలలకి నల్లగా, నిజంగా మట్టి వాసన వేసింది.

పండించడం అయ్యాక తెలిసింది, తినిపించడం ఇంకా కష్టమని. వండి పెట్టిన తోటకూరని పిల్లలు పళ్లెం అంచుకి నెట్టేశారు. వంటావిడ (అందరూ దత్తా అంటారు, అంటే అక్క) నన్ను చూసి జాలిపడి, "మిస్, మీరు ఆగండి" అంది. ఇక్కడ మునగ చాలా ఇళ్ల పెరట్లో ఉంది, పెద్దవాళ్లు ఆకు తింటారు కూడా. లేత మునగాకు సన్నగా తరిగి, కొబ్బరి కోరు, ఉల్లి, మిరప, నిమ్మరసం చేత్తో పిసికి, ట్యూనాతో మస్ హుని (ఇక్కడివాళ్ల పొద్దుటి టిఫిన్) కలిపేసింది. మన చపాతీలాంటి రోషీలో పెట్టిస్తే ఎవరూ ఏరలేదు. 2020 నుంచి ప్రభుత్వ బడుల్లో పొద్దున టిఫిన్ పెడుతున్నారు కాబట్టి వారానికి రెండు రోజులు అది ఖాయమైంది. నా తోటకూర కూడా అలాగే దూరింది, కానీ మునగే హిట్టు, నా కష్టమంతా దేనికో మరి.

సెలవుల్లో నీళ్లెవరు పోస్తారన్నది ఇప్పటికీ తేలలేదు. పోయినసారి ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలు పోశారు, వంకాయలు వాళ్లే తీసుకున్నారు, న్యాయమే. నేనేమో గోంగూర గింజలు పర్సులో వేసుకొచ్చి ఎయిర్‌పోర్టులో ఇచ్చేసి వచ్చాను, అనుమతి లేకుండా విత్తనాలు తేకూడదట, తప్పు నాదే. ఈసారి మొక్కల ఆరోగ్య ధృవపత్రానికి అప్లై చేశాను. కాగితం వచ్చాక మూడో మడి గోంగూరకే, దత్తాకి ముందే చెప్పి ఉంచాను.