ఒకే షేర్ ఫోల్డర్, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: కమాండ్ లైన్‌లో తెరవడం, తెలుగు ఫైల్ పేర్లతో వచ్చే చిక్కులు

డీటీపీ సెంటరైనా, ఆడిటర్ ఆఫీసైనా, చిన్న పత్రిక డెస్కయినా ఇప్పుడు పరిస్థితి దాదాపు ఒకటే. రెండు మూడు విండోస్ మిషన్లు, డిజైన్‌కి ఒక మ్యాక్, మూలన ఫైళ్లు దాచే లైనక్స్ సర్వరో నాస్ పెట్టెనో ఉంటాయి. షేర్ ఫోల్డర్ తెరుచుకోకపోతే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ గానీ ఫైండర్ గానీ చెప్పేది ఒక్క ముక్కే: కనెక్ట్ కాలేదు. ఎందుకు కాలేదో కమాండ్ లైన్ చెబుతుంది, అదీ నంబరుతో సహా. అందుకే రోజూ మౌస్‌తో పని చేసేవాళ్లు కూడా ఈ నాలుగు కమాండ్లు నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాను. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి. సర్వర్ చిరునామా 192.168.1.20, షేర్ పేరు ఆఫీస్, యూజర్ రవి అనుకుందాం.

ముందుగా చూడాల్సింది పాస్‌వర్డ్ కాదు, పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే నంబరున్న తలుపు అనుకోండి). మూడు సిస్టమ్‌లూ మాట్లాడుకునే భాష ఎస్‌ఎంబీ, అది నడిచేది టీసీపీ 445 పోర్టు మీద. పింగ్ (మిషన్ ఉందా అని తట్టి చూసే కమాండ్) అందలేదని సర్వర్ లేదనుకోకండి, విండోస్ ఫైర్‌వాల్ చాలాచోట్ల పింగ్‌కి జవాబివ్వదు. విండోస్ పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ 192.168.1.20 -పోర్ట్ 445 అని కొడితే చివరి వరుసలో ట్రూ రావాలి. లైనక్స్‌లో, మ్యాక్‌లో ఎన్‌సీ -జెడ్‌వీ 192.168.1.20 445 అంటే చాలు. ఇక్కడే ఆగిపోతే షేర్ చేసిన మిషన్ విండోస్‌దేమో చూడండి. కొత్త వైఫైకి కలిపినప్పుడు ఆ నెట్‌వర్క్‌ని 'పబ్లిక్' అని ఎంచుకుని ఉంటారు. దాన్ని 'ప్రైవేట్' చేసేదాకా ఫైల్ షేరింగ్ తలుపు తెరుచుకోదు. ఒక హెచ్చరిక కూడా. ఇంటి నుంచి ఆఫీసు ఫైళ్లు చూడాలని రూటర్‌లో 445ని ఇంటర్నెట్‌కి ఎప్పుడూ తెరవకండి. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వనాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రామ్) పాకింది ఎస్‌ఎంబీ పాత వెర్షన్‌లోని లోపం గుండానే. బయటి నుంచి కావాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసుకి వేసుకునే రహస్య దారి) పెట్టుకోండి.

ఆ తర్వాతది వెర్షన్. విండోస్ 10లో 2017 చివర్లో వచ్చిన 1709 నుంచి ఎస్‌ఎంబీ1 డిఫాల్ట్‌గా ఇన్‌స్టాల్ కావడం లేదు. లైనక్స్ సర్వర్లలో ఎస్‌ఎంబీని నడిపే సాంబా 4.11 నుంచి అటువైపు కూడా దాన్ని ఆపేశారు. 'నెట్‌వర్క్' ఐకాన్ తెరిస్తే మిషన్లు కనిపించకపోవడానికి పెద్ద కారణం ఇదే, పేర్లు చూపించే పాత పద్ధతి ఎస్‌ఎంబీ1తోపాటే పోయింది. కనిపించకపోయినా కనెక్షన్ పనిచేస్తుంది. కాబట్టి రూటర్‌లో సర్వర్‌కి స్థిరమైన ఐపీ కేటాయించి, దాన్నే వాడండి. పాత నాస్ కోసం ఎస్‌ఎంబీ1ని మళ్లీ ఆన్ చేయమని సలహాలిచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి వినకండి. ఆ నాస్‌లోని ఫైళ్లు కొత్తదానికి మార్చుకోవడమే మేలు.

విండోస్‌లో అసలు కమాండ్ ఇది:

నెట్ యూజ్ జెడ్: \\192.168.1.20\ఆఫీస్ /యూజర్:రవి *

చివరి నక్షత్రం గుర్తు ఉంటే పాస్‌వర్డ్ విడిగా అడుగుతుంది, తెర మీద కనపడదు. పాస్‌వర్డ్‌నే అక్కడ కొట్టేస్తే అది కమాండ్ హిస్టరీలో ఉండిపోతుంది. తప్పు జరిగితే నంబరు వస్తుంది. 53 అంటే సర్వర్ దాకా వెళ్లనే లేదు, పోర్టు పరీక్షకి తిరిగి వెళ్లండి. 67 అంటే సర్వర్ దొరికింది గానీ ఆ పేరుతో షేర్ లేదు. 5 అంటే లోపలికి రానిచ్చింది, ఆ ఫోల్డర్ మీద మాత్రం హక్కు లేదు. 1326 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. ఈ 1326 దగ్గర చాలామంది గంటలు పోగొట్టుకుంటారు. అవతలిది విండోస్ మిషన్ అయితే రోజూ లాగిన్‌కి కొట్టే నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదు, ఆ ఖాతా అసలు పాస్‌వర్డే కావాలి. యూజర్ పేరు ముందు సర్వర్ పేరు, బ్యాక్‌స్లాష్ చేర్చి కొడితే ఏ మిషన్‌లోని రవి అన్న అనుమానం కూడా తీరిపోతుంది.

1219 వేరే రకం. ఒకే సర్వర్‌కి ఒకే లాగిన్ నుంచి రెండు యూజర్ పేర్లతో వెళ్లడాన్ని విండోస్ ఒప్పుకోదు. ఎక్స్‌ప్లోరర్‌లో ఎప్పుడో తెరిచిన కనెక్షన్ వెనకాల బతికే ఉంటుంది. ఉత్త నెట్ యూజ్ కొట్టి జాబితా చూసి, పాతదాన్ని /డిలీట్‌తో తీసేయండి. 1272 వచ్చిందంటే పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్ తెరవబోతున్నారు. విండోస్ 11 ప్రో 24హెచ్2 నుంచి గెస్ట్ ప్రవేశం డిఫాల్ట్‌గా మూసేశారు, ప్యాకెట్ల మీద సంతకం (మధ్యలో ఎవరూ మార్చలేదని చూపే గుర్తు) కూడా తప్పనిసరి చేశారు. దీన్ని సడలించే సెట్టింగ్ వెతక్కండి. సర్వర్‌లో ఒక యూజర్‌ని సృష్టించి పాస్‌వర్డ్ పెట్టండి, ఐదు నిమిషాల పని.

జెడ్ డ్రైవ్ మామూలు విండోలో కనిపించి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో కనపడకపోతే కంగారు అక్కర్లేదు. ఆ రెండూ వేర్వేరు లాగిన్‌లుగా లెక్క. షెడ్యూల్ చేసిన బ్యాకప్ స్క్రిప్టులు రాత్రిపూట ఫెయిలయ్యేది ఎక్కువగా ఇందుకే. స్క్రిప్టులో జెడ్: రాయకుండా పూర్తి \\ దారి రాయండి.

లైనక్స్‌లో నేరుగా మౌంట్‌కి (షేర్‌ని ఒక ఫోల్డర్‌కి తగిలించడానికి) దూకకుండా ముందు ఎస్‌ఎంబీక్లయింట్ -ఎల్ //192.168.1.20 -యూ రవి అని అడగండి (రెండూ పెద్దక్షరాలు). షేర్ల జాబితా వచ్చిందంటే పోర్టు, పాస్‌వర్డ్ రెండూ సరిగ్గా ఉన్నట్టే, ఇక మిగిలిన తప్పేదైనా మౌంట్‌దే. ఇక్కడ ముందుకు వాలిన స్లాషే వాడాలి. బ్యాక్‌స్లాష్‌ని షెల్ మింగేస్తుంది. ఆపైన:

సుడో మౌంట్ -టి సిఐఎఫ్‌ఎస్ //192.168.1.20/ఆఫీస్ /ఎంఎన్‌టి/ఆఫీస్ -ఓ క్రెడెన్షియల్స్=/ఈటీసీ/ఆఫీస్-పాస్,యూఐడీ=1000,జీఐడీ=1000,ఐఓచార్‌సెట్=యూటీఎఫ్8

ఆ ఆఫీస్-పాస్ ఫైల్లో రెండు వరుసలు: యూజర్‌నేమ్=రవి, పాస్‌వర్డ్=ఫలానా. దానికి 600 పర్మిషన్ (యజమాని ఒక్కరే చదివి రాసేలా) ఇవ్వడం మరవొద్దు. యూఐడీ (లైనక్స్‌లో మీ యూజర్ నంబరు) రాయకపోతే ఫైళ్లన్నీ రూట్ అనే అడ్మిన్ ఖాతావి అని చూపిస్తుంది, చదవగలరు గానీ రాయలేరు. 'రాంగ్ ఎఫ్ఎస్ టైప్' అని అరిస్తే సిఐఎఫ్‌ఎస్-యుటిల్స్ ప్యాకేజీ లేదన్నమాట. 13 అంటే పాస్‌వర్డో హక్కో. 112 మాత్రం అబద్ధమాడుతుంది. 'హోస్ట్ డౌన్' అంటుంది గానీ సర్వర్ నిక్షేపంలా ఉంటుంది, చాలాసార్లు ఎస్‌ఎంబీ వెర్షన్ కుదరకపోవడమే అసలు సంగతి. వెర్స్=3.0 అనో 2.1 అనో చేర్చి చూడండి. 79 వస్తే కెర్నల్‌లో (లైనక్స్ గుండెకాయలో) తెలుగు లాంటి లిపులకు కావలసిన యూటీఎఫ్8 మాడ్యూల్ లేదు. క్లౌడ్ కోసం కుదించిన ఉబుంటు కెర్నల్స్‌లో ఇది మామూలే, లైనక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ప్యాకేజీ పెడితే పోతుంది. ఏదీ అర్థం కాకపోతే డీమెసేజ్ (dmesg అని కొట్టాలి) చివరి పది వరుసలు చూడండి, కెర్నల్ అసలు కారణం అక్కడ రాస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు మౌంట్ చేయాల్సినవాటి జాబితా ఫైల్లో) శాశ్వతంగా పెట్టేటప్పుడు నోఫెయిల్, _నెట్‌డెవ్ రెండూ చేర్చండి. లేకపోతే సర్వర్ ఆపి ఉన్న రోజు ఈ మిషన్ బూట్ మధ్యలో నిలిచిపోవచ్చు.

మ్యాక్‌లో పని తేలిక. ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసుకుని మౌంట్_ఎస్‌ఎంబీఎఫ్‌ఎస్ //రవి@192.168.1.20/ఆఫీస్ ~/ఆఫీస్ అంటే పాస్‌వర్డ్ అడిగి తెరుస్తుంది. 'ఫైల్ ఎగ్జిస్ట్స్' అంటే ఫైండర్ ఆ షేర్‌ని అప్పటికే తెరిచి ఉంచింది, ముందు అక్కడ ఎజెక్ట్ చేయండి. ఎస్‌ఎంబీయుటిల్ స్టాట్‌షేర్స్ -ఏ కొడితే ఏ వెర్షన్ నడుస్తోందో, సంతకం ఉందో లేదో కనిపిస్తాయి.

ఇక తెలుగు పేర్ల సంగతి. ఇంగ్లీషు గైడ్లలో ఎక్కడా దొరకదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిఐఆర్ కొడితే తెలుగు పేర్ల స్థానంలో పెట్టెలు కనిపించవచ్చు. పెట్టెలైతే ఫాంట్ లోపం, పేరు క్షేమం. జాబితాని ఫైల్లోకి మళ్లించినప్పుడు ప్రశ్నార్థకాలు వచ్చాయంటే నిజంగానే అక్షరాలు పోతున్నాయి. ముందు సీహెచ్‌సీపీ 65001 కొట్టి, మళ్లీ జాబితా తీయండి. ప్రశ్నార్థకాలున్న జాబితాని స్క్రిప్టుకి ఇస్తే ఒక్క ఫైలూ దొరకదు.

రెండోది పొడవు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫైల్ పేరుకి 255 యూనిట్లు, తెలుగు సంకేతం ఒక్కోటి ఒక్క యూనిట్. లైనక్స్ ఎక్స్‌ట్4లో 255 బైట్లు, తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. అంటే 85తో సరి. 'వార్షికోత్సవం' కంటికి ఐదక్షరాలు. లోపల గుణింతాలు, పొల్లులు, సున్నా కలిపి 13 సంకేతాలు, 39 బైట్లు. ఈ లెక్కన ముప్పై పైచిలుకు అక్షరాలు దాటగానే, విండోస్‌లో చక్కగా సేవయిన ఆహ్వానపత్రిక ఫైల్ సర్వర్‌లోకి ఎక్కదు. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్లో హద్దు ఇంకా తక్కువ, 143 బైట్లే. అనుమానం ఉంటే లైనక్స్‌లో ఎకో -ఎన్ 'పేరు' | డబ్ల్యూసీ -సీ కొట్టండి, బైట్లు లెక్కగట్టి చెబుతుంది.

మూడోది అన్నిటికన్నా మొండిది. తెలుగులో ఐత్వం ఒక్క సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే. ఏపీఎఫ్‌ఎస్ (ఇప్పటి మ్యాక్ డిస్కుల పద్ధతి) రాకముందు మ్యాక్‌లు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కు పేర్లను విడగొట్టి దాస్తుంది. అలాంటి డిస్కు నుంచి ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో లైనక్స్‌కి ఎక్కించిన 'హైదరాబాద్' పేరు 30 బైట్లుంటుంది, విండోస్‌లో కొట్టినది 27. రెండూ ఒకే ఫోల్డర్లో పక్కపక్కన కూర్చుంటాయి. ఒకదాన్ని వెతికితే రెండోది దొరకదు. బ్యాకప్ రెట్టింపవుతుంది. కొత్తగా ఎక్కిస్తున్నట్టయితే మ్యాక్ వైపు ఆర్‌సింక్‌కి --ఐకాన్వ్=యూటీఎఫ్-8-మ్యాక్,యూటీఎఫ్-8 చేర్చండి. మ్యాక్‌తో వచ్చే ఆర్‌సింక్ దీన్ని ఒప్పుకోకపోతే హోమ్‌బ్రూ (మ్యాక్‌లో టూల్స్ ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) నుంచి కొత్తది తెచ్చుకోవాలి. ఇప్పటికే కలగాపులగమై ఉంటే లైనక్స్ సర్వర్ మీదే కాన్వ్‌ఎంవీ -ఎఫ్ యూటీఎఫ్8 -టి యూటీఎఫ్8 --ఎన్‌ఎఫ్‌సీ -ఆర్ . నడపండి. మొదటిసారి అది ఏ పేరునీ ముట్టుకోదు, ఏవి మారతాయో చూపిస్తుంది అంతే. ఒకే పేరుతో రెండు ఫైళ్లు తేలితే వాటిని తెరిచి, ఏది కొత్తదో మీరే తేల్చి, రెండోదాన్ని పక్కకి తీయండి. ఆ తర్వాతే --నోటెస్ట్ చేర్చి మళ్లీ నడపండి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య దాక్కునే కనిపించని విడదీత గుర్తుని మాత్రం ఇది తీయదు. అలాంటి పేర్లు టైప్ చేయకుండా మొదటి రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది షెల్ పూరిస్తుంది.